రెండు చెవుల మెకాస్కిల్

ఆరు తెడ్ల పడవకు ఐదుగురే మిగిలారు.

ఆ సంగతి ముర్దీనా మెకాస్కిల్‌కు మంగళవారం పొద్దున్నే తెలిసింది. మేనల్లుడు ఫోన్ చేశాడు. నార్వే వైపు వెళ్ళే ఓడలో పని దొరికిందట, ఇప్పటికే రేవులో ఉన్నాడట.

"అత్తా, తిట్టకు."

"తిట్టను. శనివారం పందెం పెట్టుకుని ఇవాళ చెప్తావురా గాడిదా! నీ మొహం చేపలకు పెట్టా!"

"తిట్టనన్నావు కదా!"

"ఇది తిట్టు కాదు. ఆశీర్వాదం."

ఫోన్ పెట్టేసి కిటికీలోంచి రేవు కేసి చూసింది. నల్ల తారు పూసిన మెకాస్కిల్ పడవ గులకరాళ్ళ మీద వాలి ఉంది. స్కాట్లండ్ పడమటి అంచున ఉన్న ఈ తోర్గసే దీవిలో పందెం పడవలు ఇంటిపేర్లవి. ఆ పేరు ఉన్నవాళ్ళే తెడ్డు పట్టాలి. ఏ ఏడాదైనా ఆరుగురు దొరక్కపోతే ఆ పడవను ఒడ్డు మీదికి లాగి బోర్లించేస్తారు. మళ్ళీ నీళ్ళు తాకడానికి లేదు. ఒకప్పుడు ఐదు పేర్లకు ఐదు పడవలుండేవి. మూడు పడవలు ఇప్పుడు గొర్రెల కొట్టాలకు కప్పులయ్యాయి. మిగిలినవి రెండే. మారిసన్లది, మెకాస్కిల్లది.

ఆ మధ్యాహ్నమే తోర్మద్ మారిసన్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, పందెం నియమాలకు తీర్పరి. చేతిలో కొలతల టేపు. అడగకుండానే పడవ వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారు పెద్దాయనా?"

"మా కోళ్ళగూడుకి కప్పు కావాలి. ముందే చూసుకుంటే మంచిది కదా!"

"శనివారం ఇంకా రాలేదు."

"వస్తుందిలే. నీకు ఆరో మనిషి రాడు." టేపు చుట్టుకున్నాడు. "నియమం నియమమే, ముర్దీనా. మా తాతలు ఈ దీవులకు న్యాయాధికారులు. నేను కళ్ళు మూసుకుంటే వాళ్ళు సమాధుల్లో లేచి కూర్చుంటారు."

మారిసన్లకు ఆ గర్వం ఒంట్లోనే ఉంది. వాళ్ళ పేరు చెబితే పాత తీర్పులు గుర్తొస్తాయి. మెకాస్కిల్ పేరు చెబితే నవ్వొస్తుంది. వెయ్యేళ్ళ కిందట ఉత్తరం నుంచి పడవేసుకుని వచ్చిన అస్కెటిల్ అనే పాతకాలపు నార్వే వాడి కొడుకులు వీళ్ళు; మెక్ అంటేనే కొడుకు. అస్కెటిల్ అంటే దేవుడి కాగు. అందుకే మారిసన్ పిల్లలు బడిలో వీళ్ళను కాగు కొడుకులని ఏడిపించేవాళ్ళు. ముర్దీనా ఆ మాటకు ఇద్దరు ముగ్గురి ముక్కులు పగలగొట్టింది కూడా.

పడవేసుకుని వచ్చిన పేరు, పడవెక్కే వెళ్ళిపోయింది. గొర్రెల మేతకు నేల కావాలని దొరలు ఇళ్ళు ఖాళీ చేయించినప్పుడు కొందరు కెనడాకు, కొందరు ఆస్ట్రేలియాకు పోయారు. తర్వాత మరికొందరు అదే గొర్రెలు కాయడానికి భూమి చివర, దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియాకు పోయారు. మిగిలిన ఆడపిల్లలు మారిసన్లను చేసుకుని పేరు మార్చుకున్నారు. ముర్దీనా చెల్లెలు కూడా తోర్మద్ ఇంటి కోడలే.

బుధవారం ఫెర్రీ దిగి తన ఇంట్లో అద్దె గదికి వచ్చిన మనిషిని చూసి ముర్దీనా ముందు భుజాలు గమనించింది. తర్వాతే పేరు అడిగింది.

"ఫెర్మీన్ మెకాస్కిల్" అన్నాడతను. నలభై ఐదేళ్ళుంటాయి. ఎండకూ గాలికీ కాలిన మొహం. "పటగోనియా నుంచి వచ్చానండీ. మా ముత్తాత ఇక్కడివాడని ఇంట్లో అనేవాళ్ళు. ఒకసారి చూసిపోదామని..."

ఆమె అతని సంచి లాక్కుంది. "తెడ్డు వేయడం వచ్చా?"

"మా దగ్గర నది దాటాలంటే అదే దారి."

"దేవుడున్నాడు" అంది ముర్దీనా. "రా బాబూ, సూప్ తాగుదువుగాని."

* * *

దేవుడున్నాడు గాని తోర్మద్ కూడా ఉన్నాడు.

గురువారం సాయంత్రం రేవు గోడ మీద కూర్చుని అతను పరీక్ష పెట్టాడు. దీవి మనుషులు సగం మంది చుట్టూ చేరారు. అపరిచితుడు తనది ఈ దీవి పేరే అంటే తండ్రి, తాత, ముత్తాత అంటూ వెనక్కి చెప్పుకుంటూ పోవాలి. దీవికి తెలిసిన మనిషి తగిలేదాకా ఆపకూడదు. ముర్దీనా నిద్రలో లేపినా తన వరసను చెప్పగలదు.

"ఫెర్మీన్‌ని. ఎర్నెస్తో కొడుకుని. ఎర్నెస్తో తండ్రి హువాన్. హువాన్ తండ్రి నీల్. నీల్ గొర్రెల కాపరిగా ఓడెక్కి వచ్చాడు." ఆగిపోయాడు.

"నీల్ ఎవరి కొడుకు?"

"తెలీదండీ."

"ఏ వూరి నీల్? మెకాస్కిల్లు స్కై దీవిలోనూ ఉన్నారు, హారిస్‌లోనూ ఉన్నారు. ప్రతి ఇంట్లోనూ ఓ నీల్ ఉన్నాడు. స్కై నీల్ అయితే నీకిక్కడ చోటు లేదు నాయనా. చుట్టంగా ఉండు, చేపలు తిను. తెడ్డు మాత్రం ముట్టకు."

"పెద్దాయనా, ఇంత దూరం వచ్చాడు..." ముర్దీనా అందుకుంది.

"దూరం నుంచి వచ్చినవాడల్లా మెకాస్కిల్ అయిపోతే సీగల్ పక్షులు కూడా మెకాస్కిల్లే!"

జనం నవ్వారు. ఫెర్మీన్ కూడా నవ్వాడు. అదే ముర్దీనాకు మండింది. ఇంటికి వెళ్ళే దారిలో అడిగింది.

"నీకు బాధ లేదా?"

"ఉంది" అన్నాడతను. "మా నాన్న చచ్చేదాకా ఆ పేరును మా ఊళ్ళో ఎవరూ సరిగా పలకలేదు. ఇక్కడైనా పలుకుతారని వచ్చాను. పలికారు. పలికిన ఆ పెద్దాయనే కాదన్నాడు."

ఆ రాత్రి ముర్దీనా అన్న రోరీతో ఫోన్‌లో, "పడవకి తారు ఇంకో పూత వెయ్యి" అంది. "ఎందుకు, కోళ్ళకా?" అన్నాడు రోరీ. ఆమె ఫోన్ పెట్టేసింది.

* * *

శుక్రవారం ఉన్ని కోతకు గొర్రెలను పోగుచేసే రోజు. దీవి మొత్తం కొండెక్కి మందను రాతి గోడల దొడ్డిలోకి తోలింది. కుక్కల అరుపులు, ఉన్ని వాసన, చిన్న దోమల దండు. ఫెర్మీన్ చొక్కా చేతులు మడిచి కత్తెర అందుకున్నాడు. గొర్రెను ఒళ్ళోకి తిప్పుకుని, ఉన్నిని కోటు విప్పినట్టు ఒక్క ముక్కలో విప్పేశాడు. మారిసన్ కుర్రాళ్ళు పని ఆపి చూశారు.

"చెవులకు ప్లాస్టిక్ బిళ్ళలేనా?" అన్నాడతను టీ తాగే వేళ. అతను టీ తాగడం లేదు. వెంట తెచ్చుకున్న ఆకుల కషాయాన్ని గొట్టంతో పీలుస్తున్నాడు. "మేం బిళ్ళా వేస్తాం, కత్తితో గుర్తూ పెడతాం. కంచెలు లేని చోట మంద కలిసిపోతే చెవే చెబుతుంది ఎవరి గొర్రో."

"ఇక్కడా అంతే. ఇప్పుడు పెట్టడం మానేశారు గాని ముసలాళ్ళందరికీ గుర్తులు నోటికొచ్చు." ముర్దీనా కప్పు కింద పెట్టింది. "మీ గుర్తు ఏంటి?"

అతను మందకు పూసే ఎర్ర రంగు సుద్ద తీసుకుని దొడ్డి తలుపు మీద గొర్రె తల గీశాడు. కుడి చెవి కొస కోసేసి, మధ్యన ఒక చీలిక.

ముర్దీనా కేకకు కుక్కలు అరవడం మానేశాయి.

"తోర్మద్ మారిసన్! ఇటు రండి! పరుగెత్తండి!"

"నా మోకాళ్ళు పరుగెత్తవు!"

"అయితే దొర్లండి!"

అతను గొణుక్కుంటూ వచ్చాడు. వెనకే అందరూ. కొస కోత, మధ్య చీలిక. తోర్గసే ఉత్తరపు కొస మెకాస్కిల్ల గుర్తు. స్కైలో గాని హారిస్‌లో గాని అది ఎవరికీ లేదు. తోర్మద్ తలుపు దగ్గరికి వంగి చూశాడు. కాదనడానికి సందు లేదు.

అప్పుడు ఫెర్మీన్ ఎడమ చెవి గీయడం మొదలుపెట్టాడు.

"ఇంకా ఉందా?" అంది ముర్దీనా.

"రెండు చెవులూ కోస్తాం కదా! మా ముత్తాత ఇక్కణ్ణుంచి అట్లాగే తెచ్చుకున్నాడు." ఎడమ చెవి వెనక అంచున నెలవంక ఆకారంలో ఒక ముక్క.

ఆ నెలవంక మారిసన్లది. దీవిలో పెళ్ళయితే ఆడపిల్ల వెంట పుట్టింటివాళ్ళు కొన్ని గొర్రెలను తోలేవాళ్ళు. ఆ జంట మందకు కుడి చెవిన మొగుడి గుర్తు, ఎడమ చెవిన పెళ్ళాం పుట్టింటి గుర్తు.

"బేతక్" అన్నాడు తోర్మద్ నెమ్మదిగా. "మా తాత మేనత్త. కాగు కొడుకుని చేసుకుంది. ఆవిడ కొడుకు నీల్ ఓడెక్కాడని మా తాత చెప్పేవాడు. మళ్ళీ కబురే లేదు." ఫెర్మీన్ మొహం కేసి చూశాడు, ముక్కు కేసి చూశాడు. ఒక్కసారిగా అతని భుజం పట్టుకున్నాడు. "ఒరేయ్! నువ్వు మా రక్తంరా! ఆ ముక్కు మాదే! మా పడవలో ముందు బల్ల నీది!"

ముర్దీనా అడ్డం వచ్చింది. "నిన్నటిదాకా సీగల్ పక్షి, ఇవాళ ముందు బల్లా?"

"నిన్న తెలీదు. ఇవాళ తెలుసు."

"అతని పేరు మెకాస్కిల్!"

"ఎడమ చెవి మారిసన్! పైగా నీకు అతనొక్కడే దిక్కు, నాకు కాదు. తీర్పు చెప్పేది నేను."

ఆ మాట దగ్గర ముర్దీనా ఆగింది. అతని తీర్పులకే అతన్ని కట్టేయవచ్చని తట్టింది. అప్రాన్‌కు చేతులు తుడుచుకుని, చాలా మర్యాదగా అడిగింది.

"జడ్జి గారూ, అందరి ముందూ ఒక్క మాట చెప్పండి. పడవ ఎక్కడానికి తల్లి పేరు పనికొస్తుందా, రాదా?"

"ఎందుకు రాదు? చెవి మీద కోసి మరీ పెట్టారు! వస్తుంది!"

"తీర్పేనా?"

"తీర్పే!"

"సరే. అతన్ని తీసుకెళ్ళండి."

ముర్దీనా రాతిగోడ ఎక్కి నిలబడింది.

"వినండర్రా! తల్లి మెకాస్కిల్ అయినవాళ్ళందరూ ఇటు రండి. మన పడవకి మనుషులు కావాలి!"

ముందుగా గోడ దూకింది తోర్మద్ మనవరాలు ఎయిలీ. మారిసన్ పడవలో లయ పట్టేది ఆమే. "మా అమ్మ మీ చెల్లెలే కదా పెద్దమ్మా! ఎప్పుడు పిలుస్తావా అని చూస్తున్నా!" ఆమె వెనక ఆమె తమ్ముడు. వాడి వెనక మారిసన్ పడవలోని ఇంకో ఇద్దరు. ఆ వెనక వరసగా పిల్లలు, పెద్దలు. తోర్మద్ పడవ కళ్ళ ముందే ఖాళీ అవుతోంది.

"ఒసేవ్, ఎయిలీ! ఎక్కడికే?"

"తీర్పు పాటిస్తున్నా తాతా!"

గొర్రెల మధ్య నుంచి తోర్మద్ భార్య గొంతు వినిపించింది. "మీరూ వెళ్ళండి మరి! మీ అమ్మ మెకాస్కిల్ కాదేంటి?"

ఆ నవ్వులకు మంద బెదిరి గోడకు ఆనుకుంది. తోర్మద్ ఎర్రబడ్డాడు. పళ్ళు బిగించాడు. తర్వాత బిగించిన పళ్ళ మధ్య నుంచే నవ్వు తన్నుకొచ్చింది. గోడ మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"కాగు కొడుకునైపోయానర్రా!"

"నన్నెవరూ అడగలేదు" అన్నాడు ఫెర్మీన్. అందరూ తిరిగారు. "నేను ఎవరి పడవ ఎక్కాలో."

"అడుగుతున్నాం, చెప్పు" అంది ముర్దీనా.

"పెద్దాయనా, మీ ముక్కు నా దగ్గర ఉంది, మంచిదే. కానీ నేను మా నాన్న పేరు తీసుకుని ఇంత దూరం వచ్చాను. ఆ పేరు రాసిన పడవే ఎక్కుతాను."

తోర్మద్ అతని వీపు చరిచాడు. "ఎక్కు. రేపు నిన్ను ఓడిస్తే మా ఇంటివాణ్ణే ఓడించాననుకుంటా."

* * *

శనివారం గాలి పడమటి నుంచి వీచింది. ఎయిలీని ఉంచుకుని తక్కిన మారిసన్లను ముర్దీనాయే తోర్మద్ పడవకు తిప్పి పంపింది. తన తెడ్డును ఎయిలీ చేతికిచ్చి తను చుక్కాని దగ్గర కూర్చుంది. ముప్పై ఏళ్ళు లాగిన తెడ్డు అది. ఇస్తున్నప్పుడు చెయ్యి ఒక క్షణం వదల్లేదు.

"పెద్దమ్మా, వదులు."

"వదిలానే! లాగవే ఇంక!"

సీల్ జంతువులు పడుకునే బండ దాకా మారిసన్లు ముందున్నారు. బండ దగ్గర తిరిగేటప్పుడు వాళ్ళ పడవ వెడల్పుగా తిరిగింది. ముర్దీనా రాయిని రాసుకునేంత దగ్గరగా చుక్కాని తిప్పింది. "ఇప్పుడు!" అని అరిచింది. ఎయిలీ లయ పెంచింది. ఫెర్మీన్ స్పానిష్‌లో ఏదో కేకేశాడు. ఎవరికీ అర్థం కాలేదు గాని ఆరు తెడ్లూ విన్నాయి. పడవ నీళ్ళ మీద లేచింది. పక్క పడవ చుక్కాని దగ్గర్నుంచి తోర్మద్ శాపనార్థాలు దగ్గరయ్యాయి, సమానమయ్యాయి, వెనకబడ్డాయి.

మెకాస్కిల్ పడవ ముక్కే ముందు రేవు గోడను తాకింది.

రోరీ తెడ్డు మీద తల వాల్చి ఏడుస్తూ నవ్వాడు. ఒడ్డున రేవు గోడ పొడుగునా జనం ఒకే పేరు అరుస్తున్నారు. ఫెర్మీన్ మెకాస్కిల్, ఫెర్మీన్ మెకాస్కిల్ అని. ఒక్కరు కూడా తప్పు పలకలేదు. అతను తెడ్డు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ముర్దీనా అతనికేదో చెప్పబోయింది. గోడ మీద నుంచి ఒక పిల్ల వంగి అడ్డుకుంది. మారిసన్ పిల్లే. పళ్ళూడిన నోరు.

"పెద్దమ్మా, మా నానమ్మ మెకాస్కిల్! వచ్చే ఏడాది నాకు చోటుందా?"

"నీ వెనక నిలబడ్డ వాళ్ళు కూడా అదే అడుగుతున్నారే" అంది ముర్దీనా. "వరసలో నిలబడు."