ఏడవని కుక్కపిల్ల

కుక్కపిల్లను తెచ్చుకుందామని ఫల్గుణ అన్నప్పుడు కనక ఒక్క మాట అడ్డు చెప్పలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడు ఏది తెస్తానన్నా ముందు వద్దనడం, తర్వాత సరేననడం ఆమెకు అలవాటు. ఈసారి మాత్రం "బేగి తెద్దాం" అంది. ఎందుకంటే మొగుడికి చెవులు వినపడటం లేదని ఆమెకు తెలుసు.

ఆ సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే పెదాలు చూసి అందుకుంటాడు. వెనకనుంచి పిలిస్తే మాత్రం చుట్ట కాల్చుకుంటూ తన దారిన తాను పోతాడు. ఊళ్లో వాళ్లకు అది పొగరులా కనిపించేది, అంతే. కానీ అరకు కొండల్లో ఆవులు మేపేవాడికి కళ్ల కన్నా చెవులే ముఖ్యం. తుప్పల్లో దూరిన ఆవు కంటికి ఆనదు. దాని మెడగంట చప్పుడు పట్టుకునే పోవాలి. ఆ ఏడు ఎర్రావు రెండుసార్లు తప్పిపోయింది. రెండోసారి మూడు రోజుల తర్వాత పక్క ఊరివాళ్ల చోళ్ల చేలో రాగివెన్నులు మేస్తూ దొరికితే, అరకులో జీపు తోలుకునే కొడుకు భీముడు వచ్చి తగువు తీర్చాడు.

"ఇంకొక్కపాలి పోనాదంటే నాలుగావుల్నీ సంతకి తోలేత్తాను. అయ్య ఇంటికాడ కూకోవాల" అని చెప్పి మరీ వెళ్లాడు.

ఫల్గుణను ఇంటికాడ కూర్చోబెట్టడమట! రెండు రోజులు ముసురు పడితేనే ఇంటి కప్పునూ, పొయ్యినీ, పెళ్లాన్నీ వరసపెట్టి తిట్టే మనిషి. కొండ ఎక్కకపోతే ఏడాది తిరక్కుండా మంచం పట్టేస్తాడని కనకకు బెంగ. తోడుగా ఒక కుక్క ఉంటే, అది ఆవుల్ని తిప్పుకొస్తే, ఈ గండం గడుస్తుందని ఆమె ఆశ.

కొండకు అవతల రాజులమ్మ ఇంట్లో కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. రాజులమ్మ ఫల్గుణకు చిన్నాన్న కూతురు. భీముడు ఇద్దరినీ జీపులో తీసుకెళ్లాడు. ఫల్గుణ దారి పొడుగునా ఒళ్లో ఒక గిన్నె పట్టుకు కూర్చున్నాడు. అందులో సామన్నం, ఎండుచేపల పులుసు.

"పిల్లనడిగీటప్పుడు తల్లికి కడుపునిండా పెట్టాల. నేకపోతే అది దొంగతనమే" అన్నాడు. తల్లికుక్క ఆవురావురుమని తింటుంటే పక్కనే గొంతుక్కూర్చుని దాని వీపు నిమిరాడు. ఆ తర్వాతే పిల్లల వైపు తిరిగాడు.

"మెడకాడ తోలట్టుకుని ఎత్తన్నా" అంది రాజులమ్మ అతని ముఖంలోకి చూస్తూ. "ఏడిసిందంటే పిరికిది. ఏడవనిదాన్ని అట్టుకుపో."

"నాకు సెప్తావేటే? ఇలాటి కుక్కల్ని ఎన్నింటిని పెంచాను" అంటూ ఫల్గుణ చేతికందిన గోధుమరంగు పిల్లను మెడ పట్టుకుని ఎత్తాడు. దాని ముఖం అవతలికి ఉంది. అది కీచుమని అందుకుందంటే, చూరు కింద కోళ్లు చెల్లాచెదురయ్యాయి, తల్లికుక్క గిన్నెలోంచి మూతి ఎత్తింది, పక్కింటి ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది.

ఫల్గుణ ముఖం వెలిగిపోయింది. "సూసినారా? కిక్కురుమననేదు. ఇదే మనకి" అన్నాడు.

రాజులమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. భీముడు తండ్రిని చూశాడు, తల్లిని చూశాడు. కనక మొగుడి ఎదురుగా వచ్చి నిలబడి, మాట మాట విడదీసి చెప్పింది.

"అవును మావా. మంచి గుండెగల పిల్ల."

రాజులమ్మ తెలివైనది. తెరిచిన నోరు మూసుకుని, "పులి దొరికినాది నీకు" అంది. ఆ ముక్క మాత్రం ఫల్గుణ చెవిన పడింది. ఆ వెర్రిబాగుల పిల్లకు పులి అనే పేరు ఖాయమైపోయింది.

జీపు దగ్గర భీముడు తల్లిని పక్కకు లాగాడు. "పక్కన అరిసిన పిల్లే ఇనపడనోడికి కొండమీద గంట ఇనపడతాదేటమ్మా? ఇప్పుడే ఆవుల్ని అమ్మేద్దాం."

"సోళ్లు కోతలయ్యేదాకా ఆగరా."

"ఆగితే సెవులు తిరిగొత్తాయా?"

"ఆగమన్నాను" అంది కనక. తల్లి ఆ గొంతుతో అంటే భీముడు ఇక మాట్లాడడు.

పులి పెరిగింది. ఒళ్లు పెరిగింది గానీ ధైర్యం పిసరంత కూడా పెరగలేదు. దానికి చీపురంటే భయం, గొడుగంటే భయం, కుక్కరు విజిలంటే మహా భయం. ఎక్కడ చిన్న చప్పుడైనా సరే, రెండు చెవులూ అటు తిప్పి, పరుగున వచ్చి ఫల్గుణ కాళ్ల మధ్య దూరిపోయేది. ఊరంతా నవ్వింది. ఫల్గుణ పట్టించుకుంటే గదా! అది కొండెక్కలేక ఆయాసపడితే తువ్వాల్లో కట్టి భుజాన వేసుకునేవాడు. తన అంబలిలో సగం దానికే. కనక పైకి "కుక్కని సంకనెక్కించుకున్నోడివి నువ్వొక్కడివే" అని దెప్పేది. చేపల కూర వండిన రోజున తలకాయలు మాత్రం దానికే తీసిపెట్టేది.

కోతలయ్యాయి. శుక్రవారం సంతకు ఆవుల్ని తోలుకెళ్తానని భీముడు కబురు పెట్టాడు. గురువారం పొద్దున్నే కనక మొగుడికి తెలియకుండా అతని వెనకాలే కొండెక్కింది. ఆవు ఏదైనా జారిపోతే తానే గంట విని, అతనికి తెలియకుండా మళ్లించాలని ఆమె ఎత్తు. వెర్రి ఎత్తే, అంతకన్నా ఏమీ తోచలేదు.

పండిన కాఫీ చెట్ల చాటున నక్కి కూర్చుంది. పొద్దెక్కాక అనుకున్నంతా అయింది. ఎర్రావు మెల్లగా తుప్పల్లోకి దూరి, కింద నీళ్లు పారే గెడ్డ వైపు దిగిపోయింది. గంట చప్పుడు సన్నగా, ఇంకా సన్నగా వినపడుతోంది. ఫల్గుణ వెనక్కి తిరిగి లెక్క చూసుకున్నాడు. మూడే ఉన్నాయి. కనక లేవబోయింది.

ఫల్గుణ కంగారు పడలేదు. వంగి పులిని చూశాడు. పులి చెవులు రెండూ గెడ్డ వైపు నిక్కి ఉన్నాయి. అతను కర్ర తీసుకుని తిన్నగా అటే దిగాడు. తుప్పల్లో చెవులు కాస్త ఎడమకు తిరిగితే అతనూ ఎడమకు తిరిగాడు. చుట్ట సగం కాలేలోపు ఎర్రావును తోలుకొచ్చేశాడు.

కనక ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. ఆ చప్పుడుకు పులి బెదిరి ఫల్గుణ కాళ్లలో దూరింది. అతను దాని చెవులు తిరిగిన వైపు నడిచొచ్చి, చెట్ల మధ్య పెళ్లాన్ని చూశాడు.

"ఏటి సేత్తన్నావే ఇక్కడ?"

ఆమె తన వెనకాలే ఎందుకొచ్చిందో ఫల్గుణకు అర్థమైంది. పక్కనే చతికిలబడి పులిని ఒళ్లోకి లాక్కున్నాడు. దాని చెవులు నిమురుతూ అడిగాడు, "దీని గొంతెలాగుంటాదే? అరుత్తున్నట్టు నోరు ఆడిత్తాది. నాకు ఇనపడదు."

కనక అతని ముఖంలోకి చూస్తూ చెప్పింది. "సన్నంగుంటాది. ఒకటే గోల. నువ్వు ఎత్తిన్నాడు రాజులమ్మ కోళ్లన్నీ పారిపోనాయి."

"ఏడవనేదన్నావే."

"నువ్వన్నావు. నాను అవునన్నాను."

ఫల్గుణ తల దించుకున్నాడు. "బీముడూ ఇన్నాడా?"

"ఇన్నాడు."

"అయితే ఆడికి నానే సెప్తాను" అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే భీముడు తాళ్లతో వచ్చాడు. ఫల్గుణ ఆవుల శాల ముందు నిలబడి కొడుకుతో అంతా చెప్పేశాడు, చెవులు పోయి రెండేళ్లయిందనీ, ఇప్పుడు కుక్క చెవులతో మేపుతున్నాననీ. కుక్క సంగతి భీముడు నమ్మలేదు. తండ్రిని బాధపెట్టడం ఇష్టం లేక నేల చూపులు చూశాడు. ఫల్గుణ ఇంకేం మాట్లాడకుండా అటు తిరిగి ఎర్రావుకు గడ్డి వేయసాగాడు.

భీముడు నాలుగడుగులు వెనక్కి వేశాడు. మామూలు గొంతుతో, అంతకన్నా కాస్త చిన్నగానే, "అయ్యా" అని పిలిచాడు.

ఫల్గుణ వీపు కదల్లేదు. కాళ్ల దగ్గరున్న పులి చెవులు రెండూ భీముడి వైపు తిరిగాయి. ఫల్గుణ గడ్డి వేస్తూ వేస్తూ కిందికి చూశాడు. వెనక్కి తిరిగాడు.

"ఏట్రా, పిలిసినావా?" అన్నాడు.

భీముడు చేతిలోని తాళ్లు కింద పెట్టేశాడు.