చెయ్యి కింద నుంచి

పొద్దుటినుంచి మా నాన్న చోయ్‌జిల్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఉప్పు టీ పోస్తే తాగడు, కూర్చోమంటే కూర్చోడు. నాకు ఒళ్లు మండిపోతోంది. మధ్యాహ్నానికి మ్యూజియం తెరవాలి, గోడలన్నీ తుడవాల్సింది నేనే.

మా జిల్లా మల్లుల మ్యూజియం పుట్టింది ఉన్ని మిల్లు గోదాములో. కప్పు కారడం మొదలయ్యాక బడి వ్యాయామశాలకు వెళ్లింది. ఇప్పుడు ఈ పాత సినిమా హాలుకొచ్చింది. మారిన ప్రతిసారీ కొత్త ఫోటోలు ఎక్కాయి, నాన్నది మాత్రం ఎక్కలేదు. కారణం ఊరందరికీ తెలుసు. ఒక వేసవి పండుగ చివరి కుస్తీలో సాంబూ గారు ఆయన్ను పడగొట్టారని తీర్పిచ్చారు. మోచేయి నేలకు తగిలితే ఓటమే. తగల్లేదని నాన్న వాదన. ఓడినవాడు వంగి, గెలిచినవాడి చెయ్యి కింద నుంచి దాటితేనే మా కుస్తీ ముగిసినట్టు. నాన్న దాటలేదు. తన టోపీ లాక్కుని, గుర్రమెక్కి ఇంటికొచ్చేశాడు. కుస్తీ ముగించనివాడికి గోడ మీద చోటు లేదని కుస్తీ సంఘం వాళ్లది అప్పటినుంచీ ఒకటే పాట.

"ప్రారంభానికి సాంబూ గారొస్తున్నారు. ఒక్కసారి వంగితే నీ సొమ్మేం పోతుంది?" అన్నాను.

"తగల్లేదే పిల్లా."

"ఆ సంగతి నీకూ నీ మోచేతికీ తప్ప ఎవరికి తెలుసు? నీ మనవలకి ఖాళీ గోడ చూపించనా?"

నాన్న ఆ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అనవసరంగా నోరు జారానని బాధేసింది.

సాంబూ గారు కోడలి భుజం పట్టుకుని వచ్చారు. నాన్నను చూసి, "ఏరా, ఇంకా గుర్రం దిగలేదా?" అన్నారు. సంఘం వాళ్లు పకపకా నవ్వారు.

నాన్న నా మొహం వైపు ఒకసారి చూశాడు. "దిగాను అన్నా. చెయ్యెత్తు," అన్నాడు.

సాంబూ గారి కుడి భుజం వణికింది గానీ చెయ్యి లేవలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"చలికాలంలో పక్షవాతం వచ్చిందిరా. ఇది నా మాట వినడం లేదు," అన్నారాయన.

ఇదే సాకుగా నాన్న వెనక్కి తిరిగి వెళ్లిపోతాడని భయపడ్డాను. ఆయన కదల్లేదు. ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని పైకెత్తాడు. మోకాళ్లు నొప్పెడుతున్నా బాగా వంగి, దాని కింద నుంచి ఇవతలికొచ్చాడు. అయినా చెయ్యి వదల్లేదు.

"తగల్లేదు అన్నా," అన్నాడు మెల్లిగా.

"తెలుసురా," అన్నారు సాంబూ గారు. "ఆ రోజే చూశాను."