పొగమంచులో కామేశ్వరి

రిటైరైన గుండె డాక్టర్ శ్యామ్‌సుందర్, భార్య కామేశ్వరిని కార్లో కూర్చోబెట్టుకుని కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి సముద్రం ఒడ్డునున్న పాయింట్ రేయస్‌కి రెండున్నర గంటలు డ్రైవ్ చేశాడు. ఏప్రిల్‌లో తల్లి తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని ఆ తీరం పక్కనుంచే ఉత్తరానికి వెళ్తాయి. అమెరికా వచ్చిన కొత్తలో ఇద్దరూ ఇక్కడే నిలబడి వాటిని చూశారు. మూడేళ్లుగా ఆవిడ మతిమరుపు ముదురుతోంది. ఇక్కడైనా ఏదో ఒకటి గుర్తొస్తుందేమోనని ఆయన ఆశ.

కొండ కొమ్మున బెంచీ మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి శాలువా కప్పాడు. పక్కనెవరో "అదుగో!" అని అరిస్తే బైనాక్యులర్స్ ఎత్తాడు. బూడిదరంగు వీపు ఒకటి, దాన్ని ఆనుకుని చిన్నది ఇంకొకటి.

"కామేశ్వరీ, చూడు చూడు," అంటూ వెనక్కి తిరిగాడు.

బెంచీ మీద శాలువా ఒక్కటే ఉంది.

అటూ ఇటూ వెతికేలోపే సముద్రం మీంచి మంచు కమ్ముకొచ్చింది. పది అడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. "కామేశ్వరీ!" అని అరుస్తూ పరిగెత్తాడు. జారి పడ్డాడు, లేచాడు. దారికి ఒక పక్కంతా కంచె, దాని అవతల కొండ అంచు. కింద అలలు బండల్ని బాదుతున్న చప్పుడు.

"నేనే చంపుకున్నాను. నా చేతులారా చంపుకున్నాను," అని పైకే అనేశాడు.

అక్కడ కాపలా ఉండే పార్కు రేంజర్ అమ్మాయి వచ్చి ఆయన భుజం పట్టుకుంది. రేడియోలో మిగతావాళ్లని పిలిచింది. ఇరవై నిమిషాలు వెతికారు. ఆఖరికి ఆ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది, "ఆ పేరుకి ఆవిడ పలుకుతారా?"

నెల్లాళ్లుగా పలకడం లేదు. చిన్నప్పుడు వాళ్లన్న సత్యం పిలిచిన పేరొకటుంది. సత్యం పోయి పదకొండేళ్లు. ఆ పేరుతో ఆయనెన్నడూ పిలవలేదు.

"పాపాయ్! ఒసే పాపాయ్!"

కంచె అవతల నుంచి సన్నగా వినబడింది. "ఇక్కడున్నా అన్నయ్యా. ఎక్కలేకపోతున్నా."

"కదలకే! అక్కడే కూర్చో. అన్నయ్య వస్తున్నాడు."

అంచుకి రెండు గజాల దూరంలో, తడిసిన గడ్డిలో కూర్చునుంది. రేంజర్ నడుముకి తాడు కట్టుకుని దిగి, మెల్లగా పైకి తెచ్చింది.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ఏడుస్తున్నావేంటన్నయ్యా? నాన్న కొట్టాడా?"

ఆయన చల్లబడిపోయిన ఆవిడ చేతుల్ని తన కోటు లోపల పెట్టుకుని రుద్దుతూ నిలబడ్డాడు.

"లేదే పాపాయ్," అన్నాడు. "పద, ఇంటికి పోదాం."

దారి పొడుగునా ఆవిడ అన్నయ్యతో కబుర్లు చెబుతూనే ఉంది. ఆయన ఊఁ కొడుతూ డ్రైవ్ చేశాడు.