పెత్రమాసకు అడిగిన బొమ్మ

ప్రమోదిని మెట్‌పల్లికి వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరి, బడికి దగ్గర సందులో మేడమీది గది అద్దెకు తీసుకుంది. వయసు నలభై ఒకటి. కరీంనగర్‌లో పదమూడేళ్లు కాపురం చేసి, చివరకు కోర్టులో సంతకాలు పెట్టి బయటికి వచ్చాక, తనను ఎవరూ ఎరగని ఊరు కావాలనుకుంది. దొరికింది. "మీ సారు ఎక్కడుంటరు?" అని ఇంటివాళ్లు అడిగితే, "కరీంనగర్‌ల నౌకరి" అని చెప్పింది. అది అబద్ధమేమీ కాదు. ఆయన నౌకరి అక్కడే.

బడి ఉన్న రోజులు ఎలాగో గడిచేవి. ఆదివారం మాత్రం పొద్దు కదిలేది కాదు. పొద్దున పాలవాడితో ఒక మాట, కూరగాయలామెతో రెండు మాటలు, ఆ తర్వాత సోమవారం బడి గంట కొట్టేదాకా తన గొంతు తనకే వినపడేది కాదు. ఆ పొద్దు గడపడానికే ఆమె కాలేజీలో నేర్చుకుని ఎప్పుడో వదిలేసిన లినో పని మళ్లీ పట్టుకుంది. వెనుకటికి ఆఫీసుల్లో నేల మీద పరిచేవాళ్లే, అలాంటి మందపాటి పలకను హైదరాబాద్ నుంచి కొరియర్‌లో తెప్పించుకునేది. దాని మీద బొమ్మ దించి, అక్కర్లేని చోటల్లా సన్నటి ఉలితో చెక్కి తీసేసి, మిగిలినదాని మీద నల్లసిరా పట్టించి కాగితం అద్దితే అచ్చు పడుతుంది. కుర్చీ, కోడిపుంజు, ఎదురింటి నీళ్ల ట్యాంకు, ఏది కనపడితే అది చెక్కేది. అచ్చులను ఆరడానికి బట్టల దండేనికి క్లిప్పులు పెట్టి వేలాడదీసేది.

ఆషాఢంలో ఒక ఆదివారం అవి చూసి లస్మవ్వ మెట్లెక్కి వచ్చింది. అదే సందులో నాలుగిళ్ల అవతల ఉంటుంది. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది.

"ఏందమ్మా గివి? దండెం మీద కాయిదాలు ఆరేసినవ్?"

ప్రమోదిని చెప్పింది. లస్మవ్వ కోడిపుంజును చాలాసేపు చూసి, "మనిషి మొఖం గూడ వస్తదా?" అని అడిగింది. వస్తుందని చెప్పాక, కొంగుముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన ఒక జిరాక్స్ కాగితం తీసింది.

అది బీడీ కార్మికుల గుర్తింపు కార్డు నకలు. మూలన అగ్గిపెట్టెంత ఫోటో. అందులో ఒక ఆడమనిషి ముఖం, సగం నల్లబడిపోయి ఉంది.

"శంకరవ్వ. ఇద్దరం ఒక్క చాట ముంగట కూసొని ముప్పై ఏండ్లు బీడీలు చేసినం. పోయిన చలికాలం సచ్చిపోయింది. పింఛన్‌కు ఇద్దరం కలిసి కాయిదాలు ఇయ్యవోతిమి, గాడ ఆమె జిరాక్స్ నా సంచిల పడ్డది. గిదొక్కటే ఉన్నది నాకాడ. జర పెద్దగ చేసిస్తవా టీచరమ్మా?"

"వాళ్లింట్ల మంచి ఫోటోలు ఉండయా అవ్వా? కొడుకును అడుగకపోయినవా?"

"అడిగిన. ఫోన్‌ల ఉన్నయి, పంపుత అన్నడు. నాకు గా పెద్ద ఫోను లేదాయె, యాడికి పంపుతడు? మల్ల మల్ల అడుగుదామంటె నేనామెకు ఏమైత? సుట్టమా, పక్కమా? కూడి బీడీలు చేసినోళ్లం, గంతే."

జిరాక్స్ కాగితాన్ని ప్రమోదిని చేతిలో పెట్టి, "పెత్రమాస వరకు అయితదా?" అంది.

పెత్రమాస అంటే పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే అమావాస్య. ఇంకా రెండు నెలలకు పైగా ఉంది. "బియ్యం వాళ్ల కొడుకు ఇస్తడు, ఇయ్యనీ. నేను ఆమె మొఖం ముంగట వెట్టుకొని ఇన్ని పూలు పెట్టుకుంట, అంతకంటె ఏం లేదు" అంది లస్మవ్వ. తప్పకుండా అవుతుందని ప్రమోదిని మాటిచ్చింది.

మర్నాడు బడి అయ్యాక జిరాక్స్ దుకాణానికి పోయింది. అది నడిపే భానుప్రసాద్ ఫోటోను పేజీ అంత పెద్దది చేసి తీశాడు. "ఇంకు ప్రింటు తీయాల్నా మేడం? నున్నగ వస్తది" అన్నాడు. వద్దంది ప్రమోదిని. ఇంకు ప్రింటు లినో మీదికి దిగదు. జిరాక్స్ మిషను నల్లపొడి అయితేనే దిగుతుంది. కాగితాన్ని పలక మీద బోర్లించి, గోళ్లరంగు చెరిపే మందును దూదితో వెనకవైపు అద్ది, చెంచా వీపుతో గట్టిగా రుద్దాలి. ఆ మందుకు పొడి కరిగి, కాగితాన్ని విడిచి పలకకు అంటుకుంటుంది. బొమ్మ ఎడమ కుడి మారి దిగుతుంది గానీ, అచ్చు వేసినప్పుడు మళ్లీ సరిగ్గానే వస్తుంది.

తర్వాతి ఆదివారం లస్మవ్వ చాట, తునికాకు, తంబాకు పట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు ఊరికే ఉంచలేని మనిషి. ఆమె చూస్తుండగా ప్రమోదిని మొదటి కాగితం రుద్దింది. మందు ఎక్కువై ముఖమంతా మసిలాగా పారింది. రెండో వారం మందు తక్కువై సగం ముఖమే అంటింది. ఆ రెండుసార్లూ నిజంగానే కుదరలేదు.

కానీ ఆ రెండు ఆదివారాలూ గదిలో మాటలున్నాయి. జిరాక్స్‌లో శంకరవ్వ కళ్లు రెండు నల్ల గుంటల్లా ఉన్నాయి. "కండ్లు ఎట్లుండేటివి అవ్వా?" అని అడిగితే లస్మవ్వ చెప్పేది. నవ్వితే ఎడమ కన్ను చిన్నదయ్యేదట. కనుబొమ్మ మీద చిన్నప్పటి గంటు ఒకటి ఉండేదట. కార్ఖానాలో కట్టలు సరిగా లేవని తిరగ్గొట్టిన రోజు, "నీ పెండ్లాంతోని చేపిచ్చుకో పో" అని మేనేజరు మొఖం మీదే అని వచ్చిందట. ఆ మాట చెప్పి లస్మవ్వ నవ్వింది. ప్రమోదిని కూడా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. లస్మవ్వ వెళ్లిపోయాక కూడా గదిలో తంబాకు వాసన రెండు రోజులు ఉండేది. ఆమె కిటికీ తెరిచేది కాదు.

రాఖీ పున్నానికి బడి సెలవు. ఆ పగలు ఒక్కతే కూర్చుని మూడో కాగితం రుద్దింది. ముందుగా పలకను గరుకు కాగితంతో కాస్త తోమింది. మందు కొద్దికొద్దిగా అద్దింది. ఒక మూల ఎత్తి చూస్తే చీర అంచు గీతలు కూడా దిగాయి. కాగితం మొత్తం లేపింది. శంకరవ్వ ముఖం నిండుగా పడింది. సన్నటి పెన్నుతో కళ్లు దిద్దింది, గంటు పెట్టింది. ఇక చెక్కడమే మిగిలింది. వారం రోజుల పని.

ఆదివారం లస్మవ్వ వచ్చి, "పడ్డదా బిడ్డా?" అని అడిగింది.

"పడుతలేదు అవ్వా" అంది ప్రమోదిని.

ఎందుకన్నదో ఆ నిమిషాన ఆమెకూ సరిగా తెలియదు. నోటికి వచ్చేసింది. పలక అప్పటికే అల్మారాలో పాత పేపర్ల కింద ఉంది. వచ్చే వారం చెబుదాం అనుకుంది. వచ్చే వారం లస్మవ్వ మక్కగారెలు తెచ్చింది. అప్పుడూ చెప్పలేదు. ఇంకో చెడిపోయిన పలక ముందేసుకుని రుద్దుతున్నట్టు చేసింది. "ఎంత కష్టమున్నదో పాపం. నీకు పరేషాన్ వెట్టిన" అని లస్మవ్వ అంటుంటే తల వంచుకుని రుద్దింది. అలా ఐదు ఆదివారాలు గడిచిపోయాయి. పెత్రమాసకు వారం ముందు మొదలుపెడితే సరిపోతుందని లోపల ఒక లెక్క వేసుకుంది. ఆ వారం బడిలో పరీక్షలొచ్చి పడ్డాయి.

పెత్రమాస ఇంకా మూడు రోజులుందనగా వచ్చిన ఆదివారం, ప్రమోదిని వంటమూలన చాయ్ పెడుతోంది. కట్టలు చుట్టుకోవడానికి ఒక పాత పేపరు కావాలంది లస్మవ్వ. "అల్మారాల ఉంటయి, తీసుకో అవ్వా" అంది ప్రమోదిని. అన్న తర్వాత గుర్తొచ్చింది. స్టవ్ ఆపకుండానే పరుగెత్తి వచ్చింది.

లస్మవ్వ పలకను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఎడమ కుడి మారి ఉన్నా ఆ ముఖాన్ని ఆమె పోల్చుకుంది.

"గిది ఎప్పటిది?"

"రాఖీ పున్నం నాటిది" అంది ప్రమోదిని.

"మరి పడుతలేదు, పడుతలేదు అంటివి గదా?"

"పడ్డదంటె చెక్కుడు అయిపోతది అవ్వా. బొమ్మ చేతికొస్తె ఇగ నువ్వు రావనుకున్న." ప్రమోదిని అల్మారా తలుపు మూసింది. "ఆదివారం నా దగ్గరికి ఎవ్వరు రారు. మా ఆయన కరీంనగర్‌ల ఉన్నడు గని, నాకేం కాడు. ఇడిసిపెట్టుకున్నం. గీ ఊర్ల ఎవ్వరికి చెప్పలే."

లస్మవ్వ ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో జాలి ఉంది, కోపం అంతకంటే ఎక్కువగా ఉంది.

"మనిషి కావాల్నంటె, వచ్చి కూసో అవ్వా అని నోటితోని అడుగకపోతివా? నేను రాకపోదునా?" పలకను బల్ల మీద మెల్లగా పెట్టింది. "సచ్చిపోయినామెను పేపర్ల కింద దాస్తవా బిడ్డా?"

చాట ఎత్తుకుని మెట్లు దిగిపోయింది. వంటమూలన చాయ్ పొంగి స్టవ్ ఆరిపోయింది.

ప్రమోదిని ఆ పగలే చెక్కడం మొదలుపెట్టింది. సోమవారం, మంగళవారం తెల్లారకముందే లేచి బడికి పోయేదాకా కూర్చుంది. ఎలాగైనా బుధవారానికి, పెత్రమాస పొద్దుటికి ఇవ్వాలి. ఉలి తొందరను ఓర్చదు. మంగళవారం పొద్దున ముక్కు పక్కన చెక్కుతుంటే చెయ్యి జారి, ఉలి బుగ్గ మీదుగా చెవిదాకా పోయింది. చెక్కిన చోట మళ్లీ నింపడానికి ఏమీ లేదు. శంకరవ్వ ముఖం అడ్డంగా చీరుకుపోయింది.

ఆమె ఏడవలేదు. బడికి రానని ఫోన్ చేసి, భానుప్రసాద్ దుకాణం తెరిచేదాకా బయట నిలబడింది. కొత్త జిరాక్స్ తెచ్చి కొత్త పలక మీద బోర్లించింది. ఇన్ని వారాలు రుద్దినట్టు నటించి నటించి చెయ్యి బాగా కుదిరినట్టుంది, పది నిమిషాల్లో ముఖం మొత్తం దిగింది. ఒక్క వెంట్రుక తప్పలేదు. దాన్ని చూస్తే ఆమెకు సిగ్గేసింది.

ఈసారి మెల్లగా చెక్కింది. పెత్రమాస వచ్చి పోయింది. ఆ సాయంత్రం సందులో ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మలు పట్టుకుని పోతుంటే మేడ మీది నుంచి చూసింది. వాళ్లలో లస్మవ్వ లేదు.

శనివారం పగటికి పలక పూర్తయింది. సిరా పట్టించి, కాగితం పరిచి, చెంచాతో మూలమూలా రుద్ది లేపింది. ఏడు అచ్చులు వేసి, అందులో మంచిది ఒకటి తీసుకుని, అట్ట మధ్య పెట్టుకుని లస్మవ్వ ఇంటికి పోయింది.

లస్మవ్వ కోడలు బట్టల దుకాణంలో పనికి పోయింది. లస్మవ్వ అరుగు దాటితే వచ్చే గదిలో ఒక్కతే ఆకులు కత్తిరిస్తోంది. ప్రమోదినిని చూసి కత్తెర ఆపింది గానీ రమ్మనలేదు. ప్రమోదిని గడప దాటి అచ్చును ఆమె ముందు పెట్టింది.

లస్మవ్వ చేతులకంటిన తంబాకు కొంగుకు తుడుచుకుని కాగితాన్ని అంచులు పట్టుకుని ఎత్తింది. వెలుతురు వైపు తిరిగింది. కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసి అడిగింది.

"కండ్లు ఎట్ల చేసినవ్? కాయిదంల లేకుండె గదా?"

"నువ్వు చెప్పినట్టే చేసిన."

"నేనేం చెప్పిన?"

"నవ్వితె ఎడమ కన్ను చిన్నగైతుండె అన్నవు."

లస్మవ్వ తల ఊపింది. కాగితం మీద వేలు పెట్టబోయి, అంటకుండా వెనక్కి తీసుకుంది.

"నా వల్ల పెత్రమాస దాటిపోయింది అవ్వా" అంది ప్రమోదిని.

"దాటింది. మల్ల ఏడాదికే ఇగ." ఆ మాటలో ఓదార్పేమీ లేదు. తిట్టు కూడా లేదు. అచ్చును ఎదుటి గోడకు, దేవుని పటాల కింద చెక్క గూటిలో నిలబెట్టింది. తిరిగి చాట ముందు కూర్చుని, అది తనకు ఎదురుగా కనపడుతుందో లేదో చూసుకుని కొంచెం జరిగింది. చాటకు అటువైపు ఒక మనిషికి సరిపోయే చోటు ఖాళీగా ఉంది. ప్రమోదిని ఆ చోటు వైపు చూసింది.

"మంచిగున్నది" అంది లస్మవ్వ. "ఇగ నువ్వు పో బిడ్డా. నేను జరసేపు ఆమెతోని కూసుంట."

ప్రమోదిని సరేనని వెనక్కి తిరిగింది. చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి "పోయిరా" అని వినపడింది. గడప దాటే ప్రతివాళ్లతో అందరూ అనే మాటే అది. రమ్మన్నట్టో, ఊరికే అన్నట్టో ఆమెకు అర్థం కాలేదు. ఆగి అడగాలనిపించింది, కానీ లోపల లస్మవ్వ అప్పటికే మెల్లగా మాట్లాడుతోంది. తనతో కాదు. కోడలు సంగతో, కార్ఖానా సంగతో చెబుతోంది, మధ్యలో ఆగుతోంది, మళ్లీ చెబుతోంది.

ప్రమోదిని సందులోకి వచ్చింది. ఎండ బాగానే ఉంది. మర్నాడు ఆదివారం. కూరగాయల బండి ఎదురైతే ఆగి, పావుకిలో బెండకాయలు తీసుకుంది. బండామె సంచిలో పోస్తూ, "ఒక్కదానికేనా అమ్మా?" అని అడిగింది.

"అవును, ఒక్కదానికే" అని చెప్పి, ప్రమోదిని గదికి నడిచింది.