ఫోనులో కనిపించని రాయి

పడవల కొట్టంలో మాగ్న్‌హిల్డ్ పెద్దమ్మ వాఫుల్స్ కాలుస్తోంది. పక్కన పుల్ల మీగడ, జామ్, పెద్ద కెటిల్ నిండా కాఫీ. పండగేమీ కాదు. ఆ దీవిలో ఎవరి పడవైనా రాయెక్కితే, ఆ వచ్చే శనివారం చుక్కాని పట్టినవాడు అందరికీ కాఫీ పోయించాలి. అందరూ కలిసి ఆ రాయికి అతని పేరు పెడతారు. పెట్టాక ఇక చెరగదు. అలా రాయికి పేరు పడ్డ ఆడ్‌మున్ పోయి ఎన్నేళ్ళయిందో, అతని మనవల్ని ఇప్పటికీ బళ్ళో "మీ తాత రాయి కులాసాయేనా?" అని ఏడిపిస్తారు.

ఈ శనివారం టోర్గిల్స్ వంతు. నా పడవకి ఇంతవరకూ గీత పడలేదని రోజుకొక్కసారైనా చెప్పుకోకపోతే ముద్ద దిగని మనిషి.

అతని మేనకోడలు సున్నివా మూల బల్ల మీద కూర్చుని, చల్లారిపోయిన కప్పు రెండు చేతులతో పట్టుకుంది. ఆమెది బెర్గెన్ పట్నంలో ఉద్యోగం. అక్కడ ఫోనుల్లో చూసుకునే సముద్రపు పటాలు తయారుచేస్తారు. అరచేతి తెరమీద లోతులూ రాళ్ళూ దీపాలూ అన్నీ చూపిస్తే ఆవాలు ఒలకబోసినట్టుంటుంది. ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో తేల్చేది సున్నివాయే. నీళ్ళ కింద ఉండే ఒంటి రాళ్ళని పటం చిన్నదిగా ఉన్నప్పుడు చూపించక్కర్లేదు, రెండుసార్లు పెద్దది చేస్తే కనిపిస్తాయి కదా అని ఆఫీసులో వాదించి మరీ నెగ్గింది. ఎంత శుభ్రంగా ఉందో అని వాడినవాళ్ళంతా మెచ్చుకున్నారు కూడా.

బుధవారం మావయ్యతో పక్క దీవికి బయల్దేరింది. దగ్గరి దారిన పోదామని తనే అంది. దారంతా ఒకేసారి కనిపించేలా పటం చిన్నది చేసి పెట్టుకుంది.

"ఎలా ఉంది తల్లీ, ముందు?"

"అంతా ఖాళీయే మావయ్యా. నేరుగా పోనీ. నేను చేసిన పటం, నమ్ము."

అతను నమ్మాడు. అడుగున ఇనుము గీరుకున్న చప్పుడు ఇప్పటికీ ఆమె పళ్ళలో ఉంది. పోటు వచ్చేదాకా పడవ ఒక పక్కకి ఒరిగి రాయి మీదే ఉండిపోయింది. ఫెర్రీ వాళ్ళు వేగం తగ్గించి మరీ ఫొటోలు తీసుకుంటూ పోయారు. సున్నివా పటం పెద్దది చేసింది. సరిగ్గా వాళ్ళ కిందే, రాయి ఉందని చెప్పే చిన్న క్రాస్ గుర్తు తేలింది. టోర్గిల్స్ ఫోను వంక చూశాడు, ఆమె వంక చూశాడు. పటం సంగతి ఆ రోజే కాదు, ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. ఆమె కూడా నోరు విప్పలేదు.

"ఏం టోర్గిల్స్," స్టైనార్ మొదలెట్టాడు, "రాయి నీకు ఎదురొచ్చిందా, నువ్వే వెతుక్కుంటూ పోయావా?"

"ఎన్నాళ్ళనుంచో పిలుస్తోందిరా. ఒకసారైనా పోకపోతే ఏమనుకుంటుందోనని."

కొట్టమంతా గొల్లున నవ్వింది. అతనూ నవ్వాడు గానీ చెవులు కందిపోయాయి. పళ్ళెంలో వాఫుల్ ముట్టుకోలేదు.

పెద్దమ్మ కప్పు ఎత్తింది. "సరే మరి. ఇవాళ్టినుంచి అది టోర్గిల్స్..."

"ఆగు పెద్దమ్మా!" సున్నివా లేచింది. "దారి చూసింది నేను. ఖాళీగా ఉంది, పొమ్మన్నదీ నేనే."

"ఊరుకోవే," అన్నాడు టోర్గిల్స్. "చుక్కాని నా చేతిలో ఉంది."

"నన్ను అడిగే కదా నడిపావు! అదొక్కటే కాదు. ఆ రాయి ఫోనులో కనపడకుండా చేసిందీ నేనే. మా ఆఫీసులో. చూడ్డానికి బావుంటుందని."

ఎవరూ నవ్వలేదు. సిగ్గుతో ఆమె ఒళ్ళంతా మండింది. చేసిన తప్పు ఒక ఎత్తు, మావయ్య నవ్వులపాలవుతుంటే ఇంతసేపూ కాఫీ కప్పు పట్టుకుని కూర్చోవడం ఇంకో ఎత్తు. నేల చీలితే దూరిపోయేదే.

"అదేంటే," స్టైనార్ మెల్లగా అన్నాడు. "మా వాడు రోజూ చేపలకి ఆ పటం చూసుకునే పోతాడు."



పెద్దమ్మ కప్పు దించి కళ్ళజోడు పెట్టుకుంది. "అయితే అది సున్నివా రాయి. ఏదీ, ఎక్కడుందో చూపించు."

సున్నివా ఫోనులో పటం తెరిచి ఇచ్చింది. దీవులు, ఫెర్రీ దారి, రేవు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి.

"నీళ్ళేగా ఉన్నాయి," అని పెద్దమ్మ పక్కవాళ్ళకిచ్చింది. ఫోను చేతులు మారుతూ పోయింది. ప్రతివాళ్ళూ వంగి వెతికారు, తలెత్తి ఆమె మొహంలోకి చూశారు, పక్కకి అందించారు. స్టైనార్ అందరికంటే ఎక్కువసేపు చూశాడు.

చివరికి టోర్గిల్స్ దగ్గరికి వచ్చింది. అతను తెర వంక చూడనైనా చూడకుండా ఆమె చేతిలో పెట్టాడు.

"రెండుసార్లు పెద్దది చెయ్యి తల్లీ," అన్నాడు. "పాపం, వాళ్ళకి తెలీదు."