గడియారానికి బెల్టు

కూతురి కొత్త ఇంటికి ఇవ్వాలని అత్తగారు పెద్ద గోడ గడియారం కొన్నారు. కారులో దాన్ని ఎక్కడ పెట్టారో చూసి, పిల్లని చంకనేసుకుని వచ్చిన కోడలు తలుపు దగ్గరే ఆగిపోయింది. చంటిపిల్ల కూర్చోవాల్సిన బుల్లి సీట్లో పెట్టి, దుప్పటి చుట్టి, బెల్టు కూడా బిగించారు.

"బుజ్జిదాన్ని నా ఒళ్ళో పెట్టుకుంటాలే, ఎక్కు," అన్నారు అత్తగారు వెనక సీట్లోంచి.

"ఆ సీటు దానిది అత్తయ్యా."

"అబ్బో! మేం పిల్లల్ని పెంచలేదూ? మీ ఆయన్ని ఒళ్ళోనే తిప్పాను. ఏం, అరిగిపోయాడా?"

స్టీరింగ్ ముందు మొగుడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కోడలికి ఒళ్ళు మండింది. బెల్టు విప్పి, గడియారం తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"మీ చేతులు అంత గట్టివైతే దీన్ని పట్టుకోండి."

"నీకేమైనా మతి పోయిందా? వాడు బ్రేకేస్తే ఎగిరిపడి ముక్కలైపోదూ!"

కోడలు పిల్లని గుండెకి హత్తుకుని అలాగే నిలబడింది.

"మరి ఇది? ఇది ఆ సీట్లో కూర్చుంటేనే నేనెక్కేది. లేదంటే మీరిద్దరూ వెళ్ళిరండి."

అత్తగారు గడియారం కేసి చూశారు, పిల్ల కేసి చూశారు. మూతి మూడు వంకర్లు తిప్పి, కొడుకు భుజం మీద ఒక్కటి చరిచారు.

"బొమ్మలా చూస్తావేంరా? దీన్ని ఇంట్లో పెట్టి రా. నీ చెల్లి ఇన్నాళ్ళూ గడియారం లేకుండానే బతికిందిలే."