సా తీగ మీద వేలు

రాజారత్నం మాస్టారికి ఆ ఏడు అన్నిటి మీదా విసుగొచ్చేసింది. బందరు ఎండ మీద, ఒంటికి జిడ్డులా పట్టే ఉప్పుగాలి మీద, ఆడపిల్లల ట్రెయినింగు స్కూలు మేడమెట్ల మీద, అన్నిటికంటే ఎక్కువగా సరళీస్వరాల మీద. ఇరవై ఎనిమిదేళ్లు అదే సరిగమ, అదే హార్మోనియం. విసుగు రాకపోతే మనిషే కాదు. పైగా మోకాళ్ల నొప్పులు. భార్య పోయి ఆరేళ్లయింది. జూన్ నెలకి రిటైరు. ఈ నాలుగు నెలలూ ఎవరితోనూ పేచీ లేకుండా గడిచిపోతే చాలు దేవుడా అని ఆదివారం ఆదివారం గుళ్లో ప్రార్థన చేసుకునేవాడు. దేవుడికి ఆ ప్రార్థన వినపడలేదో, వినపడీ ఊరుకున్నాడో గానీ, పేచీ మాత్రం నాలుగు తీగలతో వచ్చిపడింది.

ఎల్సీ దొరసాని గారని, ముప్ఫయ్యేళ్లుగా ఆ స్కూలుని కనిపెట్టుకుని ఉన్నావిడ, వయసైపోయి స్వదేశం వెళ్లిపోతోంది. వాళ్ల చెల్లెలు ఎప్పుడో అమెరికా నుంచి పంపిన నాలుగు ఉకులేలేలు స్కూలుకి ఇచ్చేసింది. ఉకులేలే అంటే చంటిపిల్లంత గిటారు, నాలుగే తీగలు. ఆవిడకి ప్రాణమైన పాట ఒకటుంది. వయసులో ఉండగా విన్న అమెరికా జాజ్ పాట, పాతబడి గీతలు పడ్డ రికార్డు. వీడ్కోలు సభలో నలుగురమ్మాయిలు ఉకులేలేల మీద ఆ పాట వాయించి ఆవిణ్ణి సంతోషపెట్టాలని హెడ్‌మిస్ట్రెస్ సుబ్బరత్నమ్మ గారికి బుద్ధి పుట్టింది.

"మీరుండగా మాకేం భయమండీ మాస్టారూ," అందావిడ.

ఇలా పొగిడి పని అంటగట్టడం సుబ్బరత్నమ్మ గారికి వెన్నతో పెట్టిన విద్య.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాస్టారు దిగిపోతే ఆ సంగీతం టీచరు పని ఇద్దరమ్మాయిల్లో ఒకరికి ఇవ్వాలని కమిటీవారు అనుకుంటున్నారు. ఒకమ్మాయి గుడివాడ గంగాదేవి. చెప్పింది చెప్పినట్టు వాయిస్తుంది, ఎదురుమాట లేదు. రెండో పిల్ల నాగాయలంక సౌభాగ్యమ్మ. తండ్రి పడవ మీద పోయి తిరిగి రాలేదు. తల్లి చేపల గంప మోస్తుంది. ఆ పిల్ల దొరసాని బంగళా ఊడ్చి, బోర్డింగులో అన్నం తిని చదువుకుంటోంది. ఈ ఉద్యోగం వస్తే తల్లి గంప దింపుతుంది, రాకపోతే ఆ పిల్ల కూడా ఇంకో గంప ఎత్తుకుంటుంది. ఇద్దర్లో ఎవరికి స్వరజ్ఞానం ఉందో రాసి ఇమ్మని కమిటీ మాస్టారినే అడిగింది. ఆయన మాటే మాట.

మాస్టారు బంగళాకెళ్లి రికార్డు రెండుసార్లు విన్నాడు. మూడోసారి వినడానికి ఓపిక లేక, మెట్లు దిగి ఇంటికొచ్చేసి మిగతాది తనకి తెలిసిన లెక్కన పూర్తి చేశాడు. జాజ్‌లో పాటంతా కార్డ్‌ల మీద నడుస్తుంది. కార్డ్ అంటే మూడు నాలుగు స్వరాలు ఒక్కసారే మోగించడం. ఉకులేలే నాలుగు తీగలకీ మాస్టారు తన భాషలో పేర్లు పెట్టాడు: ప, స, గ, ధ. చివరి ధ తీగని మూడో మెట్టు దగ్గర నొక్కితే సా కార్డ్. అది పాటకి ఇల్లు. దాని తర్వాత పాట ధా మీదకి పోతుంది. అక్కడ ధ, స, గ కలిపి మెత్తని కార్డ్ ఒకటి రాశాడు. గుళ్లో కీర్తనలకి ఎన్నో ఏళ్లుగా వేస్తున్నదే. అందులో సా ఉంది, సా ఉంటే ఇంకేం కావాలి?

క్లాసులో మొదటిరోజే సౌభాగ్యమ్మ ఆ రెండో కార్డ్ దగ్గర వేరే ఏదో వాయించింది. మిగతా మూడు తీగలూ వదిలేసి, సా తీగ మొదటి మెట్టు మీద ఒక్క వేలు పెట్టింది.

"ఏంటది?" అన్నాడు మాస్టారు.

"బంగళా ఊడుస్తూ వింటుంటాను కదండీ, రికార్డులో ఇలాగే ఉంది."

"సా మీద వేలు పెడతావా? సా కాస్తా రిషభం అయిపోయింది చూడు. స, ప కదలవని మొదటి పాఠంలో చెప్పానా లేదా? తంబురాలో ఎవరన్నా సా ని కదుపుతారా?"

"చెప్పారండీ. కానీ ఆ పాటలో కదులుతోందండీ. ఇలా పెడితేనే పాట ముందుకి లాగుతోంది. మీరు రాసింది వాయిస్తే అక్కడే కూలబడుతోంది మాస్టారూ."

హార్మోనియం మీద సరిచూద్దామని మాస్టారు తన పెట్టె తెరిచాడు. ఆ పెట్టెకి శ్రుతి బొత్తాం ఎప్పుడూ బయటికి లాగిపెట్టే ఉంటుంది, సా అలా మోగుతూనే ఉంటుంది. దాని మీద సౌభాగ్యమ్మ చెప్పిన స్వరం వేసేసరికి పళ్లు జిల్లుమన్నాయి. విన్న ముగ్గురమ్మాయిలూ మొహాలు చిట్లించారు.

"విన్నావుగా?"

"ఆ శ్రుతి ఆపి వాయించండి మాస్టారూ," అందా పిల్ల.

ఓరి నాయనో! ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే కాబోలు. మాస్టారికి మోకాళ్ల నొప్పి, ఎండ, విసుగు అన్నీ కలిసి ఒక్కసారి నోట్లోకి వచ్చేశాయి.

"బంగళా ఊడ్చినంత మాత్రాన పాట వచ్చేస్తుంది అనుకున్నావా? లే. నీ బదులు ఇంకొకర్ని చూసుకుంటాను."

సౌభాగ్యమ్మ ఏడవలేదు. ఉకులేలేని బెంచీ మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయింది. మాస్టారు ఆ కోపం చల్లారకుండానే కాయితం తీసుకుని కమిటీకి రాసిపడేశాడు: గంగాదేవి తగినది, సౌభాగ్యమ్మకు స్వరజ్ఞానం లేదు. ఒక పని తెమిలింది అనుకున్నాడు.

ఇంకొకరు దొరక్కపోయినా, పది రోజులకి మిగిలిన ముగ్గురమ్మాయిలూ పాట చక్కగా పట్టేశారు. ఓ సాయంత్రం దొరసాని వరండాలోంచి విని లోపలికొచ్చింది. ముప్ఫయ్యేళ్లు బందర్లో ఉన్న మనిషి, తెలుగు మనకంటే బాగా మాట్లాడుతుంది.

"ఎంత బాగా వాయించారమ్మా! ఇది ఏ కీర్తన మాస్టారూ?"

మాస్టారి మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. గంగాదేవి తల వంచేసుకుంది. అది తన పాటేనని దొరసానికి అప్పుడు అర్థమైంది, అలా అడిగినందుకు నొచ్చుకుంది కూడా. "రేపొకసారి బంగళాకి రండి, రికార్డు విందాం," అని మెల్లిగా అంది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు వెళ్లాడు. హార్మోనియం మొయ్యలేక ఉకులేలే ఒక్కటే చంకన పెట్టుకెళ్లాడు. దొరసాని రికార్డు పెట్టి, కుర్చీ వేయించి, తను సామాను సర్దుకోవడానికి పక్క గదిలోకి పోయింది. మాస్టారు విన్నాడు. మళ్లీ పెట్టుకుని విన్నాడు. నాలుగోసారి తీగలు దానికి సరిపోయేలా బిగించుకుని, తను రాసిన మెత్తని కార్డ్ వేశాడు. పాట ముందుకి పోతోంది, తన కార్డ్ వెనకే ఉండిపోతోంది. ఆ పిల్ల అన్నట్టే, కూలబడుతోంది.

ఎవరూ చూడ్డం లేదు కదా అని చుట్టూ ఒకసారి చూసి, సా తీగ మొదటి మెట్టు మీద వేలు పెట్టాడు.

అతుక్కుంది. రికార్డులో వాళ్లు వాయిస్తున్నదీ తను వాయిస్తున్నదీ ఒకటైపోయాయి. పళ్లు జిల్లుమనలేదు. అనడానికి కింద శ్రుతి మోగడం లేదు మరి. ఆ ధా కార్డ్ నిలబడదు, ఎక్కడికో పోవాలని తొందర పెడుతుంది. ఎక్కడికి? రిషభం మీదకి. ధా అంటే రిషభానికి పంచమం కదూ! ఆ రి కార్డ్‌లోనూ ప్రతిమధ్యమం ఉంది, అదీ నిలబడదు, పంచమం మీదకి తోస్తుంది. రి పంచమానికి పంచమం. ఇక పంచమం తిన్నగా సా దగ్గరికి తెచ్చి దింపుతుంది. ధ నుంచి రి, రి నుంచి ప, ప నుంచి స. ఒక్కొక్కటీ వెనకదాన్ని వదిలేసి ముందుదాని కోసం పరిగెడుతోంది. ఇల్లు కదలకూడదని తను కూర్చుంటే, వాళ్లు ఇల్లు దాటి మూడు గుమ్మాలెక్కి మళ్లీ అదే ఇంటికొస్తున్నారు. వచ్చాక ఆ సా ఎంత హాయిగా ఉందంటే, ఇరవై ఎనిమిదేళ్లు ఆగకుండా మోగించిన సా ఎప్పుడూ అంత హాయిగా లేదు.

ఆ హాయి ఒక్క నిమిషం. ఆ వెంటనే కమిటీకి రాసిన కాయితం గుర్తొచ్చింది.

సరాసరి హెడ్‌మిస్ట్రెస్ గదికి పోయాడు.

"ఆ ఉత్తరం వెనక్కి కావాలమ్మా."

"ఎప్పుడో వెళ్లిపోయిందండీ. శుక్రవారం మీటింగు."

"అయితే ఇంకోటి రాస్తాను. సౌభాగ్యమ్మ సంగతి నేను రాసింది తప్పు."

సుబ్బరత్నమ్మ గారు కళ్లజోడు తీసింది. "మాస్టారూ, తప్పని రాస్తే మీ ఇరవై ఎనిమిదేళ్ల పేరేం కావాలండీ? వెళ్లిపోయే ముందు ఎందుకీ రొష్టు? ఒంట్లో బాగాలేనప్పుడు విన్నాను, మళ్లీ పరీక్ష చేస్తే మంచిదని రాయండి. పాము చావదు, కర్ర విరగదు."

మాస్టారికి ఆశ పుట్టింది. అబద్ధం కూడా కాదు, ఒంట్లో బాగాలేని మాట నిజమే. కలం తీసుకుని ‘నా ఆరోగ్యం’ అని రెండు మాటలు రాశాడు కూడా. మళ్లీ పరీక్ష అంటే ఆ పిల్ల ఇంకోసారి వాళ్లందరి ముందూ నిలబడాలి. తప్పు చేసింది తనైతే పరీక్ష ఆ పిల్లకా?

ఆ రెండు మాటలూ కొట్టేసి రాశాడు: "సౌభాగ్యమ్మకు స్వరజ్ఞానం లేదని రాసితిని. అది తప్పు. ఆమె పాట విన్నది. నేను సరిగా వినకుండా ఆమెను తప్పుపట్టితిని. ఈ స్కూలులో నాకంటె మంచి చెవి ఆమెది." కింద పేరు రాసి, తేదీ వేసి, ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ చదివి, మడిచి కవరులో పెట్టింది.

సౌభాగ్యమ్మ బంగళా వెనక బట్టలు ఆరేస్తోంది. మాస్టారు వెళ్లి ఉత్తరం సంగతంతా చెప్పాడు. చెప్పేసి, హమ్మయ్య, బరువు దిగింది, ఇంక ఇంటికెళ్లి పడుకోవచ్చు అనుకున్నాడు.

ఆ పిల్ల చేతిలో దుప్పటి పిండి, విదిలించి, తీగ మీద వేసింది.

"చాలా సంతోషం మాస్టారూ. కానీ ఉత్తరం కమిటీకి రాశారు. నన్నన్నది వాళ్ల ముందు కాదు కదండీ, మా క్లాసువాళ్ల ముందు."

"అవునమ్మా. రేపు క్లాసులో..."

"వాళ్లు ఇప్పుడు స్కూలు మేడ మీదే ఉన్నారండీ, ప్రాక్టీసు చేసుకుంటున్నారు."

మెట్లు పద్దెనిమిది. మాస్టారు ఆ మెట్లు చూశాడు, ఆ పిల్ల మొహం చూశాడు. కోపం లేదు, బతిమాలడం లేదు, ఊరికే నిలబడింది. ఇక చేసేదేముంది? కమ్మీ పట్టుకుని ఎక్కాడు. సగంలో ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. వెనక ఆ పిల్ల కూడా ఆగింది, చెయ్యి మాత్రం అందించలేదు.

ముగ్గురమ్మాయిలూ లేచి నిలబడ్డారు.

"కూర్చోండమ్మా," అన్నాడు మాస్టారు. తను కూర్చోలేదు. "ఆ రెండో కార్డ్ సౌభాగ్యమ్మ వాయించిందే ఒప్పు. నేను రాసింది తప్పు. అదొక్కటే కాదు. బంగళా ఊడ్చే పిల్లని ఈమెను దెప్పాను చూడండి, అది అంతకంటే పెద్ద తప్పు. సౌభాగ్యమ్మా, పెద్దవాణ్ణై ఉండి ఆ మాట అన్నాను. క్షమించమ్మా."

గంగాదేవి తన పక్కన చోటు చేసి జరిగింది. సౌభాగ్యమ్మ వచ్చి కూర్చుని ఉకులేలే తీసుకుంది, రెండు తీగలు సరిచేసింది. అప్పుడు ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది ఆ పిల్లకి. వెక్కి వెక్కి, చిన్నపిల్లలా, అందరి ముందూ ఏడ్చింది. మాస్టారు వెళ్లిపోదామని తలుపు వైపు తిరిగాడు.

"వెళ్లకండి మాస్టారూ," అంది సౌభాగ్యమ్మ, పైట చెంగుతో మొహం తుడుచుకుంటూ. "కూర్చుని వినండి."

ఆయన గోడవార బెంచీ మీద కూర్చుని విన్నాడు.